దొరబాబు గారి కాల్షీట్

టీవీ సీరియల్లో అత్తగారి వేషం కట్టిన మనిషికి రెండు సంసారాలు. ఒకటి లోకమంతా చూసేది, రెండోది ఆవిడ కూడా చూసుకోలేనిది. "ఏడు గడపల ఇల్లు" అనే సీరియల్లో వకుళ పేరు త్రిపురాంబ. ముగ్గురు కొడుకులకు తల్లి, నలుగురు కోడళ్ళకు అత్తగారు. లెక్క తప్పలేదు, పెద్దవాడికి రెండు పెళ్ళిళ్ళు. ఆ పెద్దవాడి వేషం వేసే అబ్బాయి వకుళ కంటే నాలుగేళ్ళు పెద్ద, అయినా కెమెరా ముందు కాళ్ళకు దండం పెట్టి "అమ్మా" అంటాడు. ఆ ఇంట్లో పాలు పొంగాలన్నా, పాలల్లో విషం కలవాలన్నా త్రిపురాంబ చెయ్యి పడాల్సిందే. కృష్ణానగర్ సందులో ఉన్న సొంత వాటాలో మాత్రం పాలు ఎవరు కాస్తున్నారో, ఎవరు తాగుతున్నారో ఆవిడకు తెలియదు.

కాల్షీట్ పొద్దున్న తొమ్మిదింటికి అంటే, తొమ్మిదింటికి మొదలవుతుందని మాత్రమే అర్థం. ముగింపు దైవాధీనం. ఆ దైవం కూడా డైరెక్టర్ ఉమాపతిని అడిగి చెప్పాల్సిందే. ఉమాపతి చెడ్డవాడేం కాదు. గోదావరి జిల్లా మనిషి, ఎవరినీ పల్లెత్తు మాట అనడు. సాయంత్రమయ్యేసరికి చేతులు రెండూ జోడించి, "ఈ ఒక్క సీనూ అడ్జస్ట్ అయిపోండమ్మా, రేపటికి ఎపిసోడ్ లేదు," అంటాడు. రేపటికి ఎపిసోడ్ ఏనాడూ ఉండదు. ఏడేళ్ళుగా ఆ సీరియల్ ఏ రోజు తిండి ఆ రోజు వండుకుంటోంది. వండేవాళ్ళంతా అర్ధరాత్రి దాటాక ఇళ్ళకు వెళ్ళి, నిద్రపోతున్న పిల్లల ముఖాలు చూసి, పిల్లలు లేవకముందే వ్యాన్ ఎక్కుతున్నారు.

వకుళ కూతురు లహరికి ఆరేళ్ళు. ఒక ఆదివారం షూటింగ్ లేక వకుళ ఇంట్లో ఉంటే, ఆ పిల్ల నిద్ర లేచి వచ్చి, తల్లిని ఎగాదిగా చూసి, "నాన్నా, ఈ ఆంటీకి కాఫీ కావాలట," అంది. తండ్రి సుధాకర్ నవ్వబోయి, భార్య మొహం చూసి మానుకున్నాడు. వకుళ లేచి వెళ్ళి తన కాఫీ తనే కలుపుకుంది. మర్నాడు సెట్లో చిన్నకోడల్ని తిట్టే సీను ఒక్క టేకులో అయిపోయింది. ఉమాపతి, "ఏం నటనండీ," అని చప్పట్లు కొట్టాడు.

ఇలా ఉండగా ఏడు గడపల ఇంట్లోకి కుక్క వచ్చింది.

రచయిత కృపానందం దగ్గర ఆ వారం కథ అయిపోయింది. కథ అయిపోయినప్పుడల్లా ఇంట్లోకి ఎవర్నో ఒకర్ని తీసుకురావడం అతని పద్ధతి. మేనత్తలు, కవలలు, గతం మరిచిపోయినవాళ్ళు అందరూ వచ్చేశారు. కుక్క ఒక్కటే రాలేదు. సినిమాలకు జంతువుల్ని ఇచ్చే పోచయ్య మేడ్చల్ అవతలి నుంచి ఒక నాటుకుక్కను తెచ్చాడు. గోధుమరంగు ఒళ్ళు, ఒక చెవి నిలబడి ఉంటుంది, ఒకటి వాలి ఉంటుంది. అప్పుడే ఎవరో పోయారన్న కబురు విన్నట్టుంటుంది మొహం. గ్లిజరిన్ అక్కర్లేదు, డైలాగు అక్కర్లేదు. కెమెరా మూడుసార్లు దగ్గరికి వెళ్ళి మూడుసార్లు వెనక్కి వచ్చినా ఆ మొహం చెక్కు చెదరదు. హీరోకు ఆ పని నేర్పడానికి ఉమాపతికి రెండేళ్ళు పట్టింది.

"పేరేంటి?" అనడిగింది వకుళ.

"దొరబాబు అమ్మా," అన్నాడు పోచయ్య. "నా కొడుకు లెక్క. తిట్టొద్దు, కొట్టొద్దు. మంచిగ పిలిస్తె నిప్పులల్లకైనా వస్తడు."

దొరబాబు వెంట ఇంకొకాయన కూడా వచ్చాడు. డాక్టర్ పరాంకుశం. ఒకప్పుడు పశువైద్యుడు, ఇప్పుడు జంతు నటుల సంక్షేమ మండలి వారి పర్యవేక్షకుడు. మెడలో ఈల, చంకలో నిబంధనావళి. జంతువు ఉన్న ప్రతి సెట్లోనూ మండలి మనిషి ఉండాలని రూలు.

ఆయన కుర్చీ వేయించుకుని గొంతు సవరించుకున్నాడు. "సదరు జంతువు సాయంత్రం ఆరు గంటల అనంతరం నటించరాదు. రెండేసి గంటలకు ఒకసారి విశ్రాంతి. ఎండలో నిలపరాదు. గద్దించరాదు. ప్రతి షాటుకు ముందు సదరు జంతువు సమ్మతి తీసుకోవాలి."

"సమ్మతంటే ఎలాగండీ?" అన్నాడు ఉమాపతి.

"తోక. ఊపినచో సమ్మతి, ఊపనిచో అసమ్మతి."

"సాయంత్రం ఆరు దాటాకేనండీ మాకు మూడ్ వచ్చేది."

"మూడ్ జంతువుకు ఉండాలి. దర్శకుడికి ఉండాలని నిబంధనల్లో ఎక్కడా లేదు."

అక్కడితో అయిపోతే దొరబాబు ఒక్కడే ఆరింటికి ఇంటికి పోయేవాడు, మిగతా వాళ్ళ బతుకు మామూలే. కానీ జంతువు తనకు అలవాటైన చోటనే విశ్రమించాలని ఇంకో రూలుంది. దొరబాబుకు వచ్చిన రోజే సెట్లోని పూజగది అలవాటైపోయింది. ఏసీ గాలి సూటిగా తగిలేది అక్కడే. జంతువు విశ్రమించే ఆవరణలో దీపాలు వెలగరాదని, శబ్దాలు చేయరాదని దాని కింద మరో రూలు. ఆ సాయంత్రం సరిగ్గా ఆరింటికి త్రిపురాంబ చిన్నకోడలి జుట్టు పట్టుకుని ఉండగా పరాంకుశం ఈల ఊదాడు. జుట్టు వదిలేశారు. లైట్లు ఆర్పేశారు. దొరబాబు పూజగదిలోకి నడిచి, మూడు చుట్లు తిరిగి, పడుకున్నాడు. ఏడేళ్ళలో మొదటిసారి ఉమాపతి నోట "ప్యాకప్" అన్న మాట వెలుతురుండగా వినబడింది.

వకుళ ఇంటికి చేరేసరికి ఇంకా పొద్దు కుంకలేదు. తలుపు తీసిన సుధాకర్ గాభరాపడి, "ఏమైంది, సీరియల్ ఆపేశారా?" అన్నాడు.

"కుక్క పడుకుంది," అంది వకుళ, చెప్పులు విప్పుతూ.

మొదటి రోజు లహరి గది గుమ్మం దగ్గరే నిలబడి చూసింది. రెండో రోజు పక్కన కూర్చుంది. నాలుగో రోజు కంచంలో వంకాయ ముక్క తీసి తల్లి కంచంలో పడేసి, "నాకిది నచ్చదు, నీకు తెలీదా?" అని కోప్పడింది. వకుళకు నిజంగానే తెలియదు. ఆ వంకాయ ముక్క తింటుంటే ఆవిడకు కన్నీళ్ళు ఆగలేదు. సీరియల్లో నాలుగు వేల సార్లు కళ్ళనీళ్ళు పెట్టుకుంది గానీ ఇవి వేరు.

అయితే ఈ వైభోగమంతా దొరబాబుకు సీనున్న రోజులకే. దొరబాబు లేని రోజున మళ్ళీ "అడ్జస్ట్ అయిపోండమ్మా" మామూలే. వకుళ ఒక మధ్యాహ్నం అన్నాల వేళ కృపానందం పక్కన కూర్చుంది.

"కథలో కుక్క ప్రాధాన్యం తగ్గినట్టుందండీ," అంది.

కృపానందం చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "మొన్న నేను పొద్దుండగా ఇంటికెళితే మా ఆవిడ కేబుల్ అతనొచ్చాడనుకుందమ్మా. నువ్వు చెప్పాలా నాకు?"

ఆ సోమవారమే దొరబాబు పాలల్లో విషం పసిగట్టాడు. బుధవారం పోలీసులకు దారి చూపించాడు. శుక్రవారానికి, గోడ మీద దండ వేసి ఉన్న ముత్తాతగారి ఫొటో ముందు నిలబడి మూడుసార్లు మొరిగాడు. కెమెరా ఫొటో మీదికి, కుక్క మీదికి, త్రిపురాంబ మీదికి ఉరికింది. ఏడు గడపల ఇంటి మూలపురుషుడు కుక్కగా మళ్ళీ పుట్టాడు. ఇక ఆయన లేని సీను ఆ ఇంట్లో ఎలా ఉంటుంది? ఆస్తి పంపకాలకు ఆయనుండాలి, పురిటిస్నానానికి ఆయనుండాలి, కోడళ్ళు ఆయన కాళ్ళకు పసుపు రాయకుండా కాఫీ తాగకూడదు. ఏకాదశి వ్రతం సీనులో మాత్రం పరాంకుశం అడ్డుపడ్డాడు. జంతువును పస్తుంచరాదని రూలు. అంచేత ఆ రోజు ముత్తాతగారు తప్ప తక్కిన వంశమంతా ఉపవాసం ఉంది.

యూనిట్ మొత్తానికి దొరబాబు ఇలవేల్పయ్యాడు. లైట్‌మన్లు వాడికి బిస్కెట్లు తెచ్చేవారు. హీరో తన ఏసీ గది ఇచ్చేశాడు. పొద్దున్నే అందరూ వచ్చి వాడి ఆరోగ్యం ఎలా ఉందని పోచయ్యను అడిగేవారు. వాడికి ఒక పూట జలుబు చేస్తే మేకప్ కృష్ణవేణి మొక్కుకుంది. పోచయ్య ఛాతీ ఎప్పుడూ ఉబ్బే ఉండేది.

కానీ మంచి రోజులు మంచి రేటింగు తెస్తాయి, మంచి రేటింగు చానల్ వాళ్ళను తెస్తుంది. చానల్ తరఫున శైలేంద్ర అనే కుర్ర అధికారి ల్యాప్‌టాప్ పట్టుకుని సెట్‌కు వచ్చాడు. దొరబాబు ఉన్న ప్రతి నిమిషానికీ రేటింగు గీత పైకి పోతోందట, మనుషులు మాత్రమే ఉన్న నిమిషాల్లో కింద పడుతోందట.

"ఆడియన్స్ ఎంగేజ్‌మెంట్ దృష్ట్యా," అన్నాడు శైలేంద్ర, "అరగంట సీరియల్‌ను గంట చేస్తున్నాం. గంటా దొరబాబే."

"ఆరింటికి పడుకుంటాడండీ ఆయన," అన్నాడు ఉమాపతి.

"రాత్రి కూడా షూట్ చేయండి."

"రూలు ఒప్పుకోదు," అన్నాడు పరాంకుశం ఈల సవరించుకుంటూ. "జంతువు కదా."

సమస్య అక్కడ పీటముడి పడి ఉండగా, దాన్ని విప్పడానికా అన్నట్టు మరో సమస్య కారు దిగింది. ఆయనే బుల్లితెర కళాకారుల సంఘం అధ్యక్షుడు గుండిమెడ జనార్దనం. నటించడం మానేసి ఇరవయ్యేళ్ళయింది, మాట్లాడేటప్పుడు మాత్రం మానలేదు.

"అయ్యలారా," అన్నాడు, రెండు చేతులూ చాచి. "సంఘ సభ్యత్వం లేని వ్యక్తి ప్రధాన పాత్ర ధరించరాదని మన రాజ్యాంగం. ఇక్కడ ఎవరో దొరబాబట, మొన్న వచ్చాడట, గంటసేపు కనిపిస్తాడట. సభ్యత్వం లేదు, చందా లేదు. ఇంతమంది కళాకారుల నోటికాడ కూడు లాగేసే ఆ మహానుభావుడెవరో నేను చూడాలి."

చూపించారు. దొరబాబు ఆయన బూట్లు వాసన చూసి తోక ఊపాడు.

జనార్దనం ఒక్క క్షణం తగ్గాడు గానీ, రాజ్యాంగం తగ్గలేదు. వ్యక్తి అంటే ఫలానా అని అందులో రాసుకోలేదు. సభ్యత్వం తీసుకోవాలి, లేదా వేషం మానాలి. శైలేంద్ర కళ్ళు వెలిగాయి. సభ్యత్వం తీసుకున్నవాడు ఆర్టిస్టు అవుతాడు, ఆర్టిస్టుకు ఆరింటి రూలు వర్తించదు. చానల్, సంఘం, మండలి మూడూ ఒక హోటల్లో కూర్చుని, టిఫిను చేసి, అరగంటలో తేల్చేశాయి. సంక్షేమ మండలి వారు నిర్వచనాన్ని సవరిస్తూ సర్క్యులర్ కూడా విడుదల చేశారు. "చిత్రీకరణలో పాల్గొనుచు, కళాకారుల సంఘంలో సభ్యత్వం లేని సమస్త ప్రాణియు జంతు నటుడు అనబడును. సభ్యత్వం గల ప్రాణి జంతువు కాదు." ఆ కాగితం మేకప్ గది గోడకు అంటించారు.

దొరబాబుకు సన్మానం ఘనంగా జరిగింది. శాలువా కప్పారు, పూలదండ వేశారు. ఆ దండలో బంతిపూలు దొరబాబు తినేశాడు. "నిన్నటి దాకా ఇతడు శునకం," అన్నాడు జనార్దనం మైకు ముందు గద్గదంగా. "నేడు ఇతడు కళాకారుడు. ఇకపై ఇతణ్ణి ఎవరూ కుక్క అనరాదు. అన్నచో సంఘం సహించదు." జనం చప్పట్లు కొట్టారు. పోచయ్య ఏడ్చేశాడు. తన ఏడు తరాల్లో శాలువా ఎరిగినవాడు లేడు.

ఆ సాయంత్రం ఆరయింది. ఈల మోగలేదు. అలవాటు కొద్దీ దొరబాబు పూజగది వైపు నడిచాడు. ప్రొడక్షన్ మేనేజర్ ఎదురొచ్చి చేతులు జోడించి, "దొరబాబు గారూ, ఇంకా సీన్లున్నాయండి," అన్నాడు. ఉమాపతి వంగి, పాత మర్యాదతోనే, "ఈ ఒక్కటీ అడ్జస్ట్ అయిపోండి సార్, రేపటికి ఎపిసోడ్ లేదు," అన్నాడు.

దొరబాబు తోక ఊపలేదు. కానీ ఆర్టిస్టు తోక ఊపాడా లేదా అని అడిగేవారెవరు?

పోచయ్య పరాంకుశం దగ్గరికి పరుగెత్తాడు. "సారూ, వానికి నిద్రొస్తున్నది. మీరు జెర చెప్పుండ్రి."

"నేను జంతువుల గురించి మాత్రమే మాట్లాడగలను," అన్నాడు పరాంకుశం, మొహం పక్కకు తిప్పుకుని.

వారం తిరిగేసరికి దొరబాబు మొహం నిజంగానే ఎవరో పోయినట్టయింది. నిలబడిన చెవి కూడా వాలింది. లైట్ల కింద కునుకు తీస్తుంటే కెమెరామన్ "సార్, కళ్ళు," అని అరిచేవాడు. రేటింగు ఇంకా పెరిగింది. ముత్తాతగారి బాధ చూసి ఊళ్ళల్లో ఆడవాళ్ళు ఏడుస్తున్నారని శైలేంద్ర మురిసిపోయాడు.

వకుళ మళ్ళీ నిద్రపోతున్న కూతుర్ని చూడటం మొదలుపెట్టింది. ఒక పొద్దున్న బయల్దేరుతుంటే లహరి మెలకువగానే ఉంది. లేవకుండా దుప్పట్లోంచి, "ఇవాళ కూడా కుక్క పడుకోదా?" అంది. పిల్ల కోపంగా అడిగుంటే వకుళ సర్దిచెప్పేది. ఆ పిల్ల చాలా మామూలుగా అడిగింది, అప్పుడే అలవాటు పడిపోయినట్టు. వ్యాన్‌లో కూర్చున్నంతసేపూ వకుళకు ఆ గొంతే వినబడింది. ఇంకో ఏడాది ఇలాగే గడిస్తే తనకు కూతురనేది ఫొటోల్లోనే మిగులుతుందని ఆవిడకు భయం పట్టుకుంది.

ఆ మధ్యాహ్నం మేకప్ గదిలో పిలుపు కోసం కూర్చుని, చేసే పనేం లేక గోడ మీది సర్క్యులర్ చదివింది. ఇంకోసారి చదివింది. లేచి, వేపచెట్టు కింద ఒంటరిగా కూర్చున్న పరాంకుశం దగ్గరికి వెళ్ళింది. ఆయన మెడలో ఈల లేదు, జేబులో ఉంది. పర్యవేక్షించడానికి జంతువు లేదు గనక నెలాఖరుకు ఆయన పోస్టు ఎత్తేస్తున్నారని అప్పటికే అందరికీ తెలుసు.

"డాక్టరుగారూ, సభ్యత్వం లేని సమస్త ప్రాణీ జంతువే కదా?"

"నిస్సందేహంగా. ఆ వాక్యం రాసింది నేనే."

"మరి మన లైట్‌మన్లకు కళాకారుల సంఘంలో సభ్యత్వం లేదు."

పరాంకుశం నోరు తెరిచాడు. నిబంధనావళి కూడా తెరిచాడు.

"మేకప్ కృష్ణవేణికి లేదు," అంది వకుళ. "కెమెరామన్‌కు లేదు. ఉమాపతి గారికీ లేదు."

"అంటే," అన్నాడు పరాంకుశం మెల్లగా లేస్తూ, "ఉమాపతి గారు సర్క్యులర్ తేదీ నుంచీ జంతువే."

"నాకు సభ్యత్వం ఉంది. రాజీనామా ఇస్తే?"

"అప్పుడు మీరు కూడా అమ్మా," అన్నాడు పరాంకుశం. ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతులో ఉన్నది నిజమైన గౌరవం. జేబులోంచి ఈల తీసి మెడలో వేసుకున్నాడు.

సంఘం సభ్యత్వమంటే వకుళకు చిన్న విషయం కాదు. దానికోసం అయిదేళ్ళు చిన్నాచితకా వేషాలు వేసింది, శవం పక్కన ఏడ్చే గుంపులో నిలబడింది. కార్డు వచ్చిన రోజు దేవుడి పటం ముందు పెట్టింది. ఆ కార్డు తీసుకెళ్ళి జనార్దనం బల్ల మీద పెట్టింది.

"తల్లీ," అన్నాడు జనార్దనం, కళ్ళద్దాలు తీసి. "కళాకారిణిగా పుట్టినదానివి, పశువుగా బతుకుతానంటావా? ఎంతటి అధోగతి."

"కళాకారిణిగా పుట్టలేదండీ, మధ్యలో అయ్యాను. తల్లిని కూడా మధ్యలోనే అయ్యాను. రెండోది పోగొట్టుకోలేను," అంది వకుళ.

ఆవిడ వెనకే హీరోతో సహా కొడుకులు ముగ్గురూ, కోడళ్ళు నలుగురూ, కవలలు, గతం మరిచిపోయినావిడ కార్డులు పట్టుకుని నిలబడ్డారు. సాయంత్రానికి "ఏడు గడపల ఇల్లు"లో మనిషనేవాడు మిగల్లేదు, దొరబాబు తప్ప.

జంతువుల నమోదు మర్నాడే జరిగింది. పరాంకుశం ఒక్కొక్కరినీ కాటా ఎక్కించి తూచాడు. కుక్కకాటు మందు సూది వేశాడు. ఏ జాతి అన్నచోట ఏం రాయాలన్న దగ్గర కాస్త గొడవైంది. హీరో పులి అని రాయించుకుంటానని పట్టుబట్టాడు. వన్యమృగాల చేత నటింపజేయడం నేరమని, ఆ లెక్కన ఆయన వేషం పోతుందని పరాంకుశం చెప్పాక పొట్టేలుకు ఒప్పుకున్నాడు. లైట్‌మన్ల నాయకుడు రామచంద్రు మాత్రం ఆలోచించను కూడా లేదు. "మాది గాడిదని రాయండి సారూ, పనిలో తేడా ఏం లేదుగా," అన్నాడు. ఉమాపతి కాటా మీద నిలబడి, "నేను కూడానాండీ?" అని ఒకటికి పదిసార్లు అడిగాడు. ఆయన ఆరింటికి ఇంటికి పోవచ్చని తెలిశాక అడగడం మానేశాడు. వకుళ ఆవు అని రాయించుకుంది.

శైలేంద్ర పై ఆఫీసుకు ఫోన్ చేశాడు. పై ఆఫీసు లాయరుకు చేసింది. సర్క్యులర్ ప్రకారం సభ్యత్వం లేనివాళ్ళు జంతు నటులు గనక సంఘం రూలు వాళ్ళకు వర్తించదని, దాని మీద చానల్ సంతకం కూడా ఉందని లాయరు చెప్పాడు.

మొదటి షాట్ పెట్టారు. త్రిపురాంబ మెట్లు దిగి వచ్చి కోడల్ని నిలదీసే సీను. పరాంకుశం కెమెరాకు అడ్డంగా వచ్చి, నిబంధనావళి తెరిచి, వకుళ ముందు నిలబడ్డాడు. "వకుళ అను ప్రాణి. ఈ షాటు చేయుటకు మీకు ఇష్టమేనా? తోక లేనివారు తల ఊపవచ్చు."

వకుళ పదహారేళ్ళుగా ఈ రంగంలో ఉంది. రాత్రి జ్వరంలో వాన సీను చేసింది, పిల్లకు పాలిచ్చే రోజుల్లో ఊరవతల సెట్లో తెల్లవార్లూ నిలబడింది. రావాలన్నారు, నిలబడాలన్నారు, ఏడవాలన్నారు, అడ్జస్ట్ అవ్వాలన్నారు. నీకు ఇష్టమేనా అని ఒక్క మనిషి అడగలేదు. ఆవు అయ్యాక అడిగారు. ఆవిడ అక్కడే మెట్టు మీద కూర్చుని కాసేపు ఏడ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకుని తల ఊపింది. పని ఇష్టం లేక కాదు ఆవిడ ఇన్నాళ్ళూ కుమిలింది.

ఇక దొరబాబు సంగతి. పోచయ్య జనార్దనం కాళ్ళ మీద పడ్డాడు. "అయ్యా, మావాన్ని మళ్ల కుక్కను జేసెయ్యుండ్రి. శాలువ గూడ వాపసిస్త."

"సభ్యత్వం కళాకారుడి హక్కయ్యా, నేను తీసేయలేను," అన్నాడు జనార్దనం. "ఆయన తనంతట తాను రాజీనామా రాసి ఇవ్వాలి. ఇస్తే ఆలోచిస్తాం."

"వాడు రాయలేడు గదయ్యా."

"మన సభ్యుల్లో చాలామంది రాయలేరు. నోటితో చెప్పినా చాలు."

దసరా సెలవులు గనక ఆ సాయంత్రం సుధాకర్ లహరిని తీసుకుని సెట్‌కు వచ్చాడు. ఆరింటికి పరాంకుశం ఈల ఊదాడు, ఇదివరకటి కంటే గట్టిగా, ఇంతమంది ఉన్నారు గనక. మేకప్‌లు తుడిచేశారు. లైట్‌మన్లు చొక్కాలు దులుపుకున్నారు. కృపానందం, ఉమాపతి ఒకే బండి ఎక్కారు. అందరితో పాటు దొరబాబూ లేచాడు. పోచయ్య గొలుసు తీసి వాడి మెడకు తగిలించబోతే శైలేంద్ర అడ్డుపడ్డాడు.

"మెంబర్‌కు గొలుసు వెయ్యకూడదు. దొరబాబు గారికి నైట్ కాల్షీట్ ఉంది."

"ఎవరు తీస్తరు సారూ? అందరు పోతున్నరు గదా."

"మనిషి అక్కర్లేని కెమెరా పెట్టించాం. ఒక్కరే ఉన్నా పర్వాలేదు. గంట కంటెంట్ కావాలి మాకు."

"అయితె నేనుంట వానితోని."

పరాంకుశం వచ్చి పోచయ్య భుజం పట్టుకున్నాడు. "నీకూ సభ్యత్వం లేదు. ఆరు దాటాక జంతువులు చిత్రీకరణ జరిగే చోట ఉండరాదు. పద." పోచయ్య మెడ వెనక్కి తిప్పుకుంటూనే గేటు బయటికి నడిచాడు. గేటు పక్కన గోడకు ఆనుకుని కూలబడ్డాడు.

లోపల ఒక్క లైటు వెలుగుతోంది. పూజగది మెట్టు మీద దొరబాబు కూర్చున్నాడు. కెమెరా తనంతట తాను దగ్గరికి వెళ్ళింది, వెనక్కి వచ్చింది. దొరబాబు దాన్ని చూడలేదు, గేటు వైపే చూస్తున్నాడు. ఎవరైనా వస్తారేమోనని తోక ఒకసారి నేలకు కొట్టాడు. అది సమ్మతో కాదో రాసుకునేవాళ్ళు లేరు.

వకుళ చెయ్యి పట్టుకుని నడుస్తున్న లహరి గేటు దగ్గర ఆగిపోయింది. కమ్మీల సందులోంచి లోపలికి చూసింది.

"అమ్మా, అందరూ ఇళ్ళకి పోతున్నారు కదా. ఆ కుక్కని పంపించరా?"

వకుళ కూడా అటు చూసింది. పోచయ్య వైపు చూడలేకపోయింది.

"కుక్కయితే ఎప్పుడో పంపేవాళ్ళమ్మా," అంది. "ఆయన ఆర్టిస్టు."